గొలుసుకు బలమిచ్చిన మేధావి హాన్స్ రెనాల్డ్

లోకంలో కొందరి పేర్లు శిలాశాసనాల మీద నిలిచిపోతాయి. మరికొందరి పేర్లు ఎక్కడా కనిపించవు. వారు రూపొందించిన వస్తువు మాత్రం ప్రతి వీధిలోను, ప్రతి వాకిటిలోను తిరుగుతూనే ఉంటుంది. సైకిలు గొలుసు అట్టి వస్తువు. ఆ గొలుసుకు నేటి రూపాన్ని ప్రసాదించిన హాన్స్ రెనాల్డ్ పేరు యంత్రశాస్త్రం చదివినవారికి సుపరిచితమే. కాని ఆ గొలుసును ఆధారం చేసుకొని బతుకుబరువును లాగిన సామాన్యులకు ఆయన ఎవరో తెలియదు. ఆ కొరతను కొంతవరకైనా తీర్చాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మన జమ్మికుంట పత్తికి పేరుపొందిన మార్కెట్టు ఊరు. కాజీపేట నుండి బల్లార్షా వైపు సాగే రైలుమార్గం మీద ఉండటం చేత చుట్టుపక్కల పల్లెల పంట ఇక్కడికి చేరుతుంది. మోపెడ్లు, ఆటోలు విరివిగా రాకముందు మన పల్లెలలో పాలక్యాన్లు, కల్లుకుండలు, బట్టల మూటలు, వడ్ల బస్తాలు సైకిళ్ల మీదనే సాగేవి. ఒక మనిషి కోసం చేసిన బండి మీద ఇద్దరి బరువు, ఒక్కొక్కప్పుడు ముగ్గురి బరువు ఎక్కేది. చెరువుకట్ట ఎక్కే వేళ గొలుసు తెగిందంటే పాలు విరిగేవి, బేరం తప్పేది, ఆనాటి కూలి పోయేది. కనుక బరువులు మోసే ప్రతివాడికీ తన సైకిలు గొలుసును, పళ్లచక్రాలను గట్టిపరచుకోవడం ఎట్లా అన్నది పూటకూటికి సంబంధించిన ప్రశ్న. ఆ ప్రశ్నకు శాస్త్రసమ్మతమైన సమాధానం రెనాల్డ్ జీవితకృషిలో లభిస్తుంది.

హాన్స్ రెనాల్డ్ 1852వ సంవత్సరం జూలై 31వ తేదీన స్విట్జర్లాండ్ దేశంలోని ఆరౌ పట్టణంలో జన్మించారు. ఆరే నది ఒడ్డున వెలసిన ఈ చిన్న పట్టణానికి విద్యారంగంలో మంచి పేరు ఉంది. తరువాతి కాలంలో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ 1895-96లో తన పాఠశాల చదువును ముగించింది కూడా ఇక్కడనే. రెనాల్డ్ జూరిచ్ పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగు విద్య నేర్చి, 1873లో ఇంగ్లండు చేరుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు 21 సంవత్సరాలు. పరాయి దేశం, పరాయి భాష. అయినప్పటికీ నిరుత్సాహపడక మాంచెస్టరు నగరంలో యంత్రాలను విదేశాలకు ఎగుమతి చేసే ఒక వ్యాపారసంస్థలో ఉద్యోగానికి కుదురుకున్నారు.

ఆనాటి మాంచెస్టరు ప్రపంచపు పత్తి వ్యాపారానికి రాజధాని వంటిది. 1861 నుండి 1865 వరకు అమెరికాలో సాగిన అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి రాక స్తంభించినప్పుడు, ఆ ప్రాంతపు మిల్లులు భారతదేశపు పత్తి కోసం చేయి చాచవలసి వచ్చింది. దూది ఏకడం మొదలు నూలు వడకడం, బట్ట నేయడం వరకు ప్రతి పనికీ అక్కడ యంత్రాలు ఉండేవి. ఆ యంత్రాలలో ఒక ఇరుసు నుండి మరొక ఇరుసుకు చలనాన్ని చేరవేయడానికి తోలుపట్టీలను, కొన్నిచోట్ల ఇనుప గొలుసులను వాడేవారు. పత్తి పండే ఊరివారమైన మనకు ఒక సంగతి ఆసక్తి కలిగిస్తుంది. నేడు సైకిళ్లను నడిపే గొలుసుకు పుట్టినిల్లు ఈ బట్టల మిల్లుల లోకమే.

1879లో రెనాల్డ్ ఒక సాహసం చేశారు. మాంచెస్టరును ఆనుకొని ఉన్న సాల్ఫర్డ్‌లో జేమ్స్ స్లేటర్ అనే ఆయనకు బట్టల మిల్లుల యంత్రాలకు గొలుసులు తయారుచేసే చిన్న కార్ఖానా ఉండేది. స్లేటర్ 1864లోనే ఒక గొలుసుకు పేటెంటు పొందినవారు. ఆ కార్ఖానాను రెనాల్డ్ కొన్నారు. కొన్న వెంటనే లాభాల లెక్కలకు కూర్చోక, తన చేతికి వచ్చిన గొలుసులోని లోపమేమిటో పరిశీలించసాగారు. ఒక వస్తువును అమ్మదలచినవాడు దాని గుణాలను వెదుకుతాడు; బాగుచేయదలచినవాడు దాని దోషాలను వెదుకుతాడు. రెనాల్డ్ రెండవ కోవకు చెందినవారు.

ఆ లోపాన్ని గ్రహించాలంటే గొలుసు నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి. గొలుసు అంటే వరుసగా చేర్చిన ఇనుప పలకలు. ప్రతి జత పలకలను ప్రక్క జతతో ఒక పిన్ను కలుపుతుంది. గొలుసు చక్రం చుట్టూ వంగినప్పుడల్లా ఈ పిన్ను దగ్గర కొద్దిపాటి తిరుగుడు జరుగుతుంది. పాతకాలపు గొలుసులో పిన్ను కేవలం పలచని పలకల రంధ్రాల అంచులకు ఒరుసుకొని తిరిగేది. లాగే బరువంతా ఆ సన్నని అంచుల మీదనే పడేది. పిన్ను గాడిపడి, రంధ్రం కోలగా సాగి, గొలుసు కొద్దికాలంలోనే వదులయ్యేది.

రెనాల్డ్ 1880లో దీనికి విరుగుడు కనిపెట్టారు. లోపలి రెండు పలకలను ఒక చిన్న గొట్టంతో బిగించి, పిన్నును ఆ గొట్టంలో నుండి పోనిచ్చారు. దీనినే బుష్ అంటారు. ఇప్పుడు పిన్ను అంచుల మీద కాక, గొట్టం పొడవునా ఆనుకొని తిరుగుతుంది. ఆ గొట్టం మీద మరొక ఉంగరం వంటి రోలరును తొడిగారు. పళ్లచక్రపు పంటిని తాకేది ఈ రోలరు. అది దొర్లుతుంది కనుక పంటికీ గొలుసుకూ మధ్య రాపిడి తగ్గుతుంది. ఇదే నేటికీ సైకిళ్లలో, మోటారు సైకిళ్లలో, లెక్కలేనన్ని యంత్రాలలో వాడుకలో ఉన్న బుష్ రోలరు గొలుసు.

ఈ సూత్రం మన ఇళ్లలోని స్త్రీలకు ఏనాడో తెలుసు. నీళ్లబిందెను నెత్తికి ఎత్తుకునే ముందు బట్టను చుట్టి చుట్టకుదురు పెట్టుకుంటారు. దానివల్ల బిందె బరువు తగ్గదు. కాని ఒకచోట గుచ్చుకునే బరువు తల అంతటా పరచుకుంటుంది. రెనాల్డ్ గొలుసుకు చేసినది కూడా ఇదే. నేటి సాధారణ సైకిలు గొలుసు కొలతలతో లెక్క వేసి చూడవచ్చు. లోపలి పలకలు ఒక్కొక్కటి సుమారు ఒక మిల్లీమీటరు మందం. బుష్ లేకుంటే పిన్నుకు దొరికే ఆనిక రెండు మిల్లీమీటర్లే. పలకల మధ్య వెడల్పు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు కనుక, బుష్ ఉంటే ఆనిక అయిదు మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే అదే బరువు రెండున్నర రెట్లకు మించిన స్థలం మీద పంచుకోబడుతుంది.

మన అలంకారశాస్త్రంలో ముక్తపదగ్రస్తమనే అలంకారం ఉంది. ఒక పాదం చివర విడిచిన పదాన్ని తరువాతి పాదం మొదట అందుకోవడం దాని లక్షణం. గొలుసు, పళ్లచక్రం నడక సరిగ్గా ఇట్లాగే ఉంటుంది. ఒక పన్ను ఒక రోలరును విడుస్తున్నప్పుడు మరొక పన్ను మరొక రోలరును అందుకుంటుంది. విడవడంలో గాని, అందుకోవడంలో గాని ఏమాత్రం తేడా వచ్చినా పద్యం నడక కుంటుపడినట్లే బండి నడక కుంటుపడుతుంది.

రెనాల్డ్ గొలుసు సకాలంలో వచ్చింది. ఆనాటి సైకిలుకు ముందు చక్రం మనిషి ఎత్తున ఉండి, పెడళ్లు నేరుగా ఆ చక్రానికే అమర్చి ఉండేవి. పడితే ప్రాణాపాయమే. గొలుసు ద్వారా వెనుక చక్రాన్ని తిప్పగలిగితే రెండు చక్రాలనూ చిన్నవిగా, సమానంగా చేసుకోవచ్చు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ కోవెంట్రీ నగరంలో అట్టి రోవర్ సైకిలును లోకానికి అందించారు. 1888లో డన్‌లప్ గాలిటైరుకు పేటెంటు పొందారు. బుష్ రోలరు గొలుసు, సమచక్రాలు, గాలిటైరు అనే ఈ మూడూ కలిసిన తరువాతనే సైకిలు సామాన్యుని వాహనంగా ఇంటింటికీ చేరగలిగింది.

ఇక మన అసలు ప్రశ్నకు వద్దాం. బరువులు మోసే సైకిలుకు గొలుసును, చక్రాలను ఎట్లా దృఢపరచుకోవాలి? 60 కిలోల మనిషి ఎత్తు ఎక్కుతూ తన బరువంతా ఒక పెడలు మీద మోపాడనుకుందాం. పెడలు చేయి పొడవు 170 మిల్లీమీటర్లు. 48 పళ్ల ముందు చక్రపు వ్యాసార్ధం సుమారు 97 మిల్లీమీటర్లు. అప్పుడు గొలుసు మీద పడే లాగుడు 105 కిలోలు. తొక్కేవాడి బరువుకు ఇది ఒకటిముప్పావు రెట్లు. ఇది పెద్ద సంఖ్యగానే తోచవచ్చు. కాని అర అంగుళం అంతరం, ఎనిమిదవ వంతు అంగుళం వెడల్పు గల మామూలు సైకిలు గొలుసు కొత్తగా ఉన్నప్పుడు సుమారు 800 కిలోల లాగుడును తట్టుకోవాలని ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. ఈ రెంటినీ ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే, మంచి గొలుసును మనిషి ఒక్క తొక్కుతో తెంచలేడని స్పష్టమవుతుంది. గొలుసును తెంచేది ఏళ్ల తరబడి సాగే అరుగుదల, నూనె అందని పొడితనం, ధూళి, సరిగా బిగించని పిన్ను.

కనుక మొదటి నియమం కొలత. అర అంగుళపు గొలుసులో 24 అంతరాలకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. ఒక పిన్ను నడుమ నుండి 24వ అంతరం చివరి పిన్ను నడుమకు స్కేలు పెట్టి చూడండి. పన్నెండుకు ఎనిమిదవ వంతు అంగుళం మించితే, ఆ గొలుసు నూటికి ఒక వంతు సాగిందని అర్థం. సాగిన గొలుసు తనతోపాటు పళ్లను కూడా కొక్కేల వలె అరగదీస్తుంది. ఆ అరిగిన పళ్ల మీద ఎంత ఖరీదైన కొత్త గొలుసు వేసినా అది ఎగిరి జారుతుంది. ఆ ఖర్చు బూడిదలో పోసిన పన్నీరే. గొలుసు, ముందు చక్రం, వెనుక ఫ్రీవీలు అనే మూడింటినీ కలిపి చూసుకోవాలని అనుభవజ్ఞులైన మేస్త్రీలు చెప్పడం ఇందువల్లనే.

రెండవ నియమం వెడల్పు. బరువు పనులకు 3/16 అంగుళం వెడల్పు గల గొలుసులు ఉన్నాయి. వాటిలో బుష్ మరింత పొడవుగా ఉంటుంది కనుక పిన్నుకు మరింత ఆనిక దొరుకుతుంది. రెనాల్డ్ సూత్రాన్ని మరొక మెట్టు ఎక్కించడమే ఇది. అయితే గొలుసు వెడల్పుకు తగినట్లు చక్రపు పళ్ల మందం కూడా పెరగాలి. వెడల్పు గొలుసును పలచని పళ్ల మీద వేస్తే అది అటూ ఇటూ ఊగుతుంది. మందమైన పళ్ల మీద ఇరుకు గొలుసు అసలే కూర్చోదు. రోలరు మందాన్ని కూడా గమనించాలి. సైకిలు గొలుసు రోలరు 7.75 మిల్లీమీటర్లు. కార్ఖానా యంత్రాలకు వాడే ఒక రకం అర అంగుళపు గొలుసుకు అది 8.51 మిల్లీమీటర్లు. అంతరం ఒకటే అయినా ఆ గొలుసు సైకిలు పళ్ల నడుమ ఒదగదు. ముందు చక్రం, వెనుక చక్రం ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడటం కూడా అంతే ముఖ్యం. వంకరగా లాగే గొలుసు ఎంత గట్టిదైనా త్వరగా చెడుతుంది.

మూడవ నియమం చాలామంది మరచిపోయేది. గొలుసును బలిష్ఠం చేయడం ఒక మార్గమైతే, దాని మీది భారాన్ని తగ్గించడం మరొక మార్గం. వెనుక 18 పళ్ల ఫ్రీవీలుకు బదులు 22 పళ్లది అమర్చుకుంటే, అదే ఎత్తును అదే బరువుతో ఎక్కడానికి గొలుసు మీద పడే లాగుడు నూటికి సుమారు 18 వంతులు తగ్గుతుంది. మోకాళ్లకూ అంతే ఊరట. బండి కొంత నిదానిస్తుంది, నిజమే. కాని బస్తాలు మోసేవానికి వేగం కన్న గమ్యం ముఖ్యం. అట్లాగే 48, 18 పళ్ల జతకు బదులు 24, 9 పళ్ల జతను వాడితే నిష్పత్తి మారదు గాని గొలుసు మీది లాగుడు రెట్టింపవుతుంది. గొలుసు ద్వారా లాగే మోటారును పాత సైకిలుకు అమర్చుకునే నేటి యువకులు ఈ లెక్కను తప్పక గుర్తుంచుకోవాలి.

రెనాల్డ్ అక్కడితో ఆగలేదు. 1895లో తిరగేసిన పళ్లవంటి పలకలతో చప్పుడు లేకుండా నడిచే మరొక గొలుసును రూపొందించారు. మిల్లులలో, తరువాత మోటారు వాహనాలలో అది ఎంతో ఉపకరించింది. 1903లో రైట్ సోదరులు తమ విమానంలో ఇంజను శక్తిని పంఖాలకు చేరవేయడానికి వాడినది కూడా గొలుసులు, పళ్లచక్రాలే. ఆ గొలుసులు అమెరికాలోనే తయారయ్యాయి. రెండు పంఖాలూ ఎదురెదురు దిశలలో తిరగడానికి ఒక గొలుసును మెలిపెట్టి అమర్చారు. ఆ సోదరులిద్దరూ సైకిళ్ల దుకాణం నడిపినవారే కావడం ఇక్కడ స్మరించదగిన విషయం.

యంత్రంలో బరువును పంచిన మనిషి కార్ఖానాలో పనిబరువును ఎట్లా పంచారన్నది కూడా విచారించదగినది. 1896లో రెనాల్డ్ తన కార్ఖానాలో వారానికి 48 గంటల పనివిధానాన్ని ప్రవేశపెట్టారు. అంతకన్న ఎక్కువ గంటల పని సర్వసాధారణమైన రోజులవి. కార్మికులకు భోజనశాల ఏర్పరచారు. 1921లో లాభాలలో కార్మికులకు భాగమిచ్చే పథకాన్ని చేపట్టారు. యజమానులు అనేకులు వీటిని దయాధర్మాలుగా భావించే కాలంలో ఆయన వీటిని కార్ఖానా నిర్వహణలో భాగంగానే చూశారు.

అయితే ఈ చిత్రానికి రెండవ ప్రక్క కూడా ఉంది. ప్రతి పనికి పట్టే కాలాన్ని గడియారంతో కొలిచి, పనివిధానాన్ని నిర్ణయించే పద్ధతిని అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ ప్రచారం చేశారు. బ్రిటన్‌లో దానిని తొలుత ఆచరణలో పెట్టినవారిలో రెనాల్డ్ ఒకరు. ఉత్పత్తి క్రమబద్ధమయింది, కాని ఏ పని ఎట్లా చేయాలో తానే నిర్ణయించుకునే పాతతరం ఉస్తాదు స్వాతంత్ర్యం అందులో కొంత తగ్గింది. పని గంటలు తగ్గించిన చేతితోనే ఆయన గడియారాన్ని కూడా పట్టుకున్నారు. ఈ రెంటి నడుమ ఉన్న ఒత్తిడికి సమాధానాన్ని వెదికినది ఆయన కుమారుడు చార్లెస్ రెనాల్డ్. కార్మికులూ యజమాన్యమూ ఒకచోట కూర్చుండి మాట్లాడుకునే సంఘాలను ఆయన పెంపొందించి, ఆ ముప్పై ఏళ్ల అనుభవాన్ని 1950లో గ్రంథరూపంలో వెలువరించారు. పిన్నుకూ పలకకూ నడుమ తండ్రి బుష్‌ను చేర్చినట్లే, పనిచేసేవారికీ చేయించేవారికీ నడుమ కుమారుడు చర్చావేదికను చేర్చారని చెప్పవచ్చు.

1930లో రెనాల్డ్ సంస్థ కోవెంట్రీ చైన్ కంపెనీతో విలీనమయింది. రెండవ ప్రపంచయుద్ధం సాగుతుండగా 1943 మే 2వ తేదీన, తొంభై ఒకటవ ఏట హాన్స్ రెనాల్డ్ కన్నుమూశారు. ఇరవై ఒక్క ఏళ్ల పరదేశిగా అడుగుపెట్టిన నగరంలో ఆయన నెలకొల్పిన పరిశ్రమ ఆయన తరువాత కూడా లోకమంతటికీ గొలుసులను పంపుతూనే వచ్చింది. మన దేశం విషయానికి వస్తే, 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ ఆఫ్ ఇండియా సంస్థ సైకిళ్ల తయారీకి పూనుకుంది. 1960లో అక్కడనే డైమండ్ గొలుసుల కర్మాగారం ఏర్పడింది. ఆ విధంగా సైకిలుతోపాటు దాని గొలుసు కూడా మన గడ్డ మీదనే తయారుకాసాగింది.

విద్యార్థి మిత్రులారా! మనలో పుస్తకం పట్టిన చేయి గొప్పదనీ, పానా పట్టిన చేయి తక్కువదనీ భావించే అలవాటు ఇంకా పోలేదు. రెనాల్డ్ పాలిటెక్నిక్ చదువు చదివినవారు. నూనె మరకల మధ్య నిలబడి ఒక చిన్న పిన్ను ఎందుకు అరుగుతున్నదో చూడటానికి ఆ చదువు ఆయనకు అడ్డురాలేదు. పైగా అదే ఆయనకు చూపునిచ్చింది. మన ఊరి సైకిలు దుకాణాలలో ఉస్తాదు చెంత పని నేర్చే షాగిర్దులు ఉన్నారు. మన కళాశాలలో బలశాస్త్రం వల్లెవేసే విద్యార్థులు ఉన్నారు. వీరికి తెలిసిన లెక్క వారికి తెలియదు. వారికి తెలిసిన పని వీరికి తెలియదు. ఈ రెండు పలకల నడుమ పిన్ను ఇంకా పడలేదు. మీలో ఒకరు ఒక సాయంకాలం స్కేలు చేతబట్టి ఆ దుకాణానికి వెళ్లి, అరిగిన గొలుసు మీద 24 అంతరాలు కొలిచి, మీకు తెలిసిన లెక్కను ఉస్తాదు ముందుంచి, ఆయనకు తెలిసిన పనిని అడిగి తెలుసుకోండి. చెరువుకట్ట ఎక్కే ఎవరి సైకిలుకైనా ఆ రోజు గొలుసు తెగకుండా ఉంటే, హాన్స్ రెనాల్డ్‌కు అంతకన్న తగిన నివాళి మరొకటి ఉండదు.